మిలటరీ ఆయన సంచీ

మా వైపు ఊళ్ళలో సైన్యంలో చేసి వచ్చిన మనిషికి సొంత పేరు మిగలదు. వెళ్ళేటప్పుడు అప్పారావు, తిరిగొచ్చాక మిలటరీ ఆయన. ఫిరంగి పేల్చాడా, లారీ నడిపాడా, వంటశాలలో వంట చేశాడా అన్నది ఊరికి అక్కర్లేదు. ఆ బిరుదుతో పాటు కొన్ని పనులు కూడా అంటగడతారు. ఆగస్టు పదిహేనున బడిపిల్లల్ని వరసలో నిలబెట్టాలి, వినాయకుడి ఊరేగింపులో ట్రాక్టరు ముందు నడవాలి, ఎవరింట్లో శుభకార్యమైనా క్యాంటీన్ నుంచి నాలుగు సీసాలు తేవాలి. క్యాంటీన్ కార్డు ఉన్నవాడికి చుట్టాలు కరువైన దాఖలా నేనెక్కడా చూడలేదు.

ఆయన చేసే అసలు సేవ వీటిలో ఏదీ కాదు. అది ఆయన చంకన ఉండే రెక్సిన్ సంచీలో ఉంటుంది. అందులో జిరాక్సులు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు, వేలిముద్రలకు ఇంకు ప్యాడు, డిశ్చార్జి బుక్కుల నకళ్ళు ఉంటాయి. తన కాగితాలు నాలుగైతే పక్క ఊళ్ళవాళ్ళవి నలభై. మాజీ సైనికుల సేవ అనగానే మనకు శాలువా, జ్ఞాపిక, వేదిక మీద ఆలస్యంగా వచ్చే ఎమ్మెల్యే గుర్తొస్తారు. నా లెక్కలో వాటన్నిటికన్నా ఈ సంచీ బరువెక్కువ. ఎందుకో కొంచెం ఓపిగ్గా చెప్పాలి.

ముందు వయసు సంగతి. మాజీ సైనికుడంటే తెల్ల మీసాల తాతగారని మనకో బొమ్మ ఉంది. సిపాయికి పెన్షన్ రావాలంటే కనీసం 15 ఏళ్ళ సర్వీసు ఉండాలి. పద్దెనిమిదో ఏట చేరినవాడు, పై ర్యాంకులు రాకపోతే, నలభై నిండకముందే ఇంటికొచ్చేస్తాడు. దేశంలో ఏటా సుమారు 60,000 మంది ఇలా బయటికొస్తున్నారు. యూనిఫాంలో గడిపిన కాలానికి రెండింతలు లుంగీలో గడపాలి. ఆ రెండో భాగమంతా కాగితాల మీద నడుస్తుంది. పెన్షన్‌కు పీపీఓ అనే చెల్లింపు ఉత్తర్వు, వైద్యానికి ఈసీహెచ్‌ఎస్ కార్డు, పిల్లల చదువు గ్రాంటుకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో నమోదు. సర్వీసులో ఉన్నంతకాలం ఇవన్నీ యూనిట్ గుమస్తా చూసుకుంటాడు. బయటికొచ్చాక ఆ గుమస్తా ఉండడు. సంచీ ఆయన చేసేది ఆ గుమస్తా పనే, జీతం లేకుండా.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఆర్టిలరీలో హవల్దారుగా చేసి ముప్ఫై ఏళ్ళ కిందట పెన్షన్ మీద వచ్చినాయన కాలం చేశాడు. పదకొండో రోజు దాటాక ఆయన భార్య సంచీ ఆయనకు కబురు పెడుతుంది.

“ఆయన నంబరు తెలుసా అమ్మా?”

“ఫోన్ నంబరాండీ?”

“కాదమ్మా, మిలటరీ నంబరు.”

“అవన్నీ నాకేం తెలుసు అన్నయ్యగారూ. బోర్డర్లో ఉండేవోరు.”

ఇక్కడ మొదలవుతుంది కథ. పెళ్ళి రోజు మరిచిపోయిన సైనికుల్ని చూశాను గానీ ఆర్మీ నంబరు మరిచినవాణ్ణి చూడలేదు. నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పరు. ఆయన ఇరవై ఏళ్ళ బతుకు హిందీలో, ఇంగ్లీషులో, పొట్టి పొట్టి అక్షరాల్లో బీరువా అడుగున పడి ఉంది. దాన్ని చదవగలిగినవాడు ఊళ్ళో ఇంకొక్కడే.

బీరువాలో డిశ్చార్జి బుక్ దొరుకుతుంది. చీరల కింద, కొంచెం చెదలతో. మొదట చూడాల్సింది ఆయన ఏ రెజిమెంటో, ఏ కోరో. దాన్ని బట్టి రికార్డ్ ఆఫీసు మారుతుంది. ఆర్టిలరీ అయితే నాసిక్, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్స్ అయితే బెంగళూరు. ఈఎంఈ, ఆర్డ్‌నెన్స్ వాళ్ళు అదృష్టవంతులు, వాళ్ళ రికార్డులు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. మిలటరీ అంటే అంతా ఢిల్లీ అనుకుని అక్కడికి ఉత్తరం రాస్తే అది దేశమంతా తిరుగుతుంది. తిరిగి ఇంటికి రావడం మాత్రం అనుమానమే.

రెండోది పేరు. తెలుగువాళ్ళ అసలు కష్టం ఇక్కడే. మన ఇంటిపేరు ముందుంటుంది, ఆడవాళ్ళ ఇంటిపేరు పెళ్ళితో మారుతుంది, పిలుపు పేరు వేరు. సైన్యం కాగితాలు రాసిన గుమస్తాకు ఇవేవీ తెలియవు. ఆయనకు తెలిసిన పద్ధతిలో, పేరు చివర ఒక దేవి తగిలిస్తే భార్య పేరు పూర్తయినట్టు. అలా సర్వీసు రికార్డులో సత్యవతి దేవి, ఆధార్‌లో ఇంటిపేరుతో సత్యవతమ్మ, బ్యాంకు పుస్తకంలో ఒట్టి సత్యవతి, పాత రేషన్ కార్డులో సత్తెమ్మ అవుతుంది. ప్రభుత్వం కళ్ళకు వీళ్ళు నలుగురు. ఆ నలుగురూ ఒక్కరేనని తేలేదాకా కుటుంబ పెన్షన్ ఎవరికీ రాదు.

మూడోది పుట్టిన తేదీ. మా పెద్దల తరంలో సగం మంది జూలై 1న పుట్టినవాళ్ళే. కన్నది తల్లే అయినా తేదీ వేసింది బడిలో మాస్టారు. బడికి వెళ్ళనివాళ్ళకు ఆధార్ నమోదు చేసినవాళ్ళు జనవరి 1 వేశారు. పోనీలే అనుకోవడానికి లేదు. 80 నిండితే పెన్షన్‌కు, కుటుంబ పెన్షన్‌కు కూడా 20 శాతం అదనంగా కలుస్తుంది. 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్ళు నిండితే నూటికి నూరు. రికార్డులో వయసు అయిదేళ్ళు తక్కువ పడిందంటే ఆవిడ అయిదేళ్ళ అదనం పోయినట్టే.

ఇవి సరిదిద్దడానికి దారి ఉంది. భర్త సర్వీసులో ఉండగానే పార్ట్ టూ ఆర్డర్ అనే రికార్డు ఉత్తర్వులో భార్య పేరు, తేదీ సరిగ్గా వేయించుకుంటే అసలు తగువే లేదు. తర్వాతైతే అఫిడవిట్, ఆధార్, వివాహానికి రుజువు కలిపి రికార్డ్ ఆఫీసుకు పంపి, సవరించిన పీపీఓ తెప్పించుకోవాలి. ఒక పేరా రాసినంత తేలిగ్గా జరగదు. నెలలు పడుతుంది. అక్కడి నుంచి వచ్చే మొదటి జవాబు సాధారణంగా ఇంకో కాగితం కావాలనే. సంచీ ఆయన తెలివంతా ఆ ఇంకో కాగితమేదో ముందే ఊహించి జత చేయడంలో ఉంటుంది. అందుకే బుద్ధిమంతులైన మాజీ సైనికులు భర్త పోయాక కాదు, ఉండగానే ఇల్లిల్లూ తిరిగి జాయింట్ ఖాతా ఉందా, పీపీఓలో భార్య పేరుందా అని అడుగుతారు. అశుభం పలుకుతున్నాడని తిట్లు తింటారు కూడా.

ఇప్పుడు ఈ కాగితాల గొడవకు కంప్యూటర్ తోడయింది. ఇదివరకు పెన్షన్ బ్యాంకు లెక్కగట్టి ఇచ్చేది, సందేహమొస్తే మేనేజరు దగ్గర కూర్చునేవారు. ఇప్పుడు స్పర్శ్ అనే పద్ధతిలో రక్షణ ఖాతాల విభాగమే నేరుగా ఖాతాలో వేస్తోంది. పద్ధతి మంచిదే, మధ్యలో చేతులు తగ్గాయి. కానీ ఓటీపీ వచ్చే ఫోన్ మనవడిది, మనవడు హైదరాబాదులో ఉంటాడు, నంబరు మార్చి ఏడాదైంది. పేరు స్పర్శ్ అయినా ముట్టుకోవడానికి అక్కడ మనిషి లేడు. ఏడాదికోసారి జీవన ప్రమాణ పత్రం కూడా ఇవ్వాలి. ఒకప్పుడు ప్రాణానికి తెగించమన్నవాళ్ళే ఇప్పుడు ప్రాణం ఉందా అని ఏటా అడుగుతారు. పొలం పనులకు అరిగిన వేళ్ళు యంత్రానికి అందవు. ముఖం చూపి చేసే పద్ధతి వచ్చాక ఇది కొంత తేలికైంది. నవంబరులో సంచీ ఆయన మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు ఫోను పట్టుకుని వెళ్ళి, కళ్ళు ఆర్పండి తాతగారూ అని బతిమాలుతుంటాడు.

పెన్షన్ ఉన్నవాళ్ళ గొడవ ఇంత. లేనివాళ్ళ సంగతి ఇంకోటి, నాకు ఎక్కువ ముఖ్యమనిపించేది అదే. 15 ఏళ్ళు నిండకుండానే ఇంటి పరిస్థితుల వల్లో మరో కారణంతోనో బయటికొచ్చినవాళ్ళున్నారు. వాళ్ళకు పెన్షన్ లేదు. తర్వాత కూలికి పోయారు, వాచ్‌మన్‌గా నిలబడ్డారు. తాము సైన్యంలో చేశామని చెప్పుకోవడం కూడా మానేశారు. 65 దాటి, ఆదాయం లేని ఇలాంటి మాజీ సైనికులకు, వాళ్ళ వితంతువులకు కేంద్రీయ సైనిక బోర్డు నెలకు 4,000 రూపాయలు ఇచ్చేది. 2025 నవంబరు నుంచి దాన్ని 8,000 చేశారు. హవల్దారు ర్యాంకు వరకు వర్తిస్తుంది, దరఖాస్తు జిల్లా కార్యాలయం గుండా పోవాలి. ఈ డబ్బు ఎక్కువగా డిసెంబరు 7న మన జేబులకు గుచ్చే చిన్న జెండా నిధిలోంచి వస్తుంది. 1949 నుంచి గుచ్చించుకుంటున్నాం, పది రూపాయలేసి ముందుకు పోతున్నాం. ఆ పది ఎక్కడికి పోతుందని అడిగినవాళ్ళు తక్కువ. అందుకే అది ఎవరికి అందాలో వాళ్ళకూ తెలియదు. ఇక్కడ ఫారం నింపడం చిన్న పని, మనిషిని పట్టుకోవడం పెద్ద పని. టీ బడ్డీ దగ్గర ఒక ముసలాయన నిటారుగా నిలబడిన తీరు చూసి “మీది ఏ యూనిట్ అండీ?” అని అడగగలిగేది ఇంకో సైనికుడే.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని ఎవరైనా మిలటరీ మాధవరమనే అంటారు. ప్రపంచ యుద్ధాల కాలం నుంచి తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు. అలాంటి చోట ఈ విద్య అరుగు మీదే దొరుకుతుంది, ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. మండలానికి ఒకరిద్దరే ఉన్న చోట ఆ ఒకరిద్దరూ చాలా దూరం తిరగాలి, లేదా ఏజెంటు దొరుకుతాడు. ఆగిన బకాయిలు విడిపిస్తానని అందులో వాటా అడిగే ఏజెంటు. ఉచిత సేవ లేని చోట ఖాళీ ఉండదు, వ్యాపారం ఉంటుంది.

సంఘాలు లేవా అంటే ఉన్నాయి. ముగ్గురు మాజీ సైనికులున్న చోట రెండు సంఘాలుంటాయి, మూడోదానికి లెటర్‌హెడ్ అచ్చులో ఉంటుంది. ఒకే ర్యాంకు ఒకే పెన్షన్ కోసం 2015లో జంతర్ మంతర్ దగ్గర నెలల తరబడి కూర్చుని సాధించుకున్నది సంఘాలే, కాదనను. పీపీఓలో తప్పు దిద్దడానికి మాత్రం ఉద్యమం పనికిరాదు, ఒక మనిషి పట్టుదల కావాలి. ప్రభుత్వమే ఇలాంటి సేవను నడిపిస్తే ఏమవుతుందో పంజాబ్ చూసింది. 2017లో వచ్చిన ప్రభుత్వం పథకాల అమలు కనిపెట్టడానికి మాజీ సైనికుల్ని గౌరవ వేతనంపై ఊళ్ళలో పెట్టింది. 2022లో ప్రభుత్వం మారింది, ఆ ఏర్పాటు రద్దయింది. సంచీ ఆయనకు వేతనం లేదు కాబట్టి రద్దు చేయడానికీ ఏమీ లేదు.

ఇదే మనిషి తెల్లవారుజామున హైస్కూలు గ్రౌండులో ఇంకో పని చేస్తాడు. విజిల్, స్టాప్‌వాచ్ పట్టుకుని కుర్రాళ్ళను పరుగెత్తిస్తాడు. 1600 మీటర్లు అయిదున్నర నిమిషాల్లో, ఆపైన కమ్మీ మీద పది పులప్‌లు. రుసుము లేదు, బూట్లు లేనివాడికి పాతవి వెతికిస్తాడు. పదిహేనేళ్ళ కిందట అక్కడ పరుగెత్తినవాళ్ళు ఇప్పుడు పెన్షన్ కాగితాలతో ఆయన అరుగెక్కుతున్నారు.

2022 నుంచి ఈ గ్రౌండులో పరుగెత్తేది అగ్నివీర్ కోసం. నాలుగేళ్ళ సర్వీసు. నూటికి 25 మంది దాకా ఉంచుకుంటారు, మిగతావాళ్ళు సుమారు 11.71 లక్షల సేవానిధితో ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళకే తిరిగొస్తారు. పెన్షన్ లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు, క్యాంటీన్ లేదు, మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. 2022 చివర, 2023 మొదట చేరిన తొలి బ్యాచ్‌కు గడువు 2026 చివరికి దగ్గరపడుతుంది. అలా వచ్చిన కుర్రాణ్ణి కూడా ఊరు మిలటరీ అనే పిలుస్తుంది. ఆ కుర్రాడు ఒక సాయంత్రం కాగితాలతో వస్తే వాటిని పెట్టడానికి సంచీలో ఇంకా అర లేదు. మొన్న సంచీ ఆయన కొత్త ఫైలు ఒకటి కొని, మీద ఏం రాయాలో తోచక ఖాళీగానే ఉంచాడు.