క్షేత్ర పరిశోధనయందు వక్త మాట

గత సంవత్సరము స్నాతకోత్తర ద్వితీయ వర్షమునకు చెందిన విద్యార్థిని యొకతె తన లఘు పరిశోధన నిమిత్తము ఢిల్లీలో చిరకాలముగా నివసించుచున్న ఒక తెలుగు వృద్ధురాలితో రెండు గంటలు సంభాషించి, ఆ సంభాషణమును ఇంగ్లీషులోనికి మార్చి తరగతిలో చదివినది. భర్త కేంద్ర ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తాగా చేరుట, సర్కారు క్వార్టర్సులో కాపురము, 1948లో దుర్గాబాయమ్మ కృషిచే నెలకొన్న ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీవారి పాఠశాలలో పిల్లల చదువు, ఉద్యోగ విరమణానంతరము స్వగ్రామమునకు పోవలెనని అనుకొనుచునే పోలేకపోవుట — విషయము హృద్యముగా నున్నది. చివర విద్యార్థిని ఒక నిర్ణయము చేసినది: "ఈమె తన్ను వ్యక్తిగా కాక ఢిల్లీ తెలుగు సమాజమునకు ప్రతినిధిగా భావించుకొనుచున్నది." ఆధారమేమని అడుగగా, ‘వుయ్’ అను సర్వనామము అడుగడుగునను ఉన్నదని చూపినది.

"ఆమె తెలుగులో ఏమన్నది? మేమనా, మనమనా?" అని నేనడిగితిని. అమ్మాయి తెల్లబోయినది. ఇంటికి పోయి ధ్వనిముద్రణమును మరల విని, రెండు దినముల తరువాత వచ్చినది. మొదటి ముప్పావుగంట సేపు ఆ వృద్ధురాలు "మేము వచ్చినప్పుడు", "మా వారికి జీతం చాలేది కాదు" అని మాత్రమే పలికినది. అనగా తానును తన భర్తయు, సమాజము కాదు. తరువాత మాటల సందర్భమున విద్యార్థిని తన అమ్మమ్మగారి ఊరు పేరు చెప్పినది. అది ఆ వృద్ధురాలి ఊరికి పొరుగూరు. అటుపిమ్మట "మనకి ఇక్కడ ఎవరున్నారమ్మా" అను మాట మొదలైనది. మేము మనముగా మారిన ఆ క్షణమే ఆ రెండు గంటలలోను ముఖ్యమైన క్షణము. ఇంగ్లీషు ప్రతిలో దాని జాడయే లేదు.

ఈ వ్యాసమునకు ఆ ప్రసంగమే కారణము. గుణాత్మక పరిశోధన యనగా నేమి, దానిని స్నాతకోత్తర స్థాయిలో తెలుగు విద్యార్థి ఎట్లభ్యసింపవలెను అను ప్రశ్నకు సమాధానము చాలవరకు ఇందులోనే ఉన్నది.

నిర్వచనమును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. ‘ఎందరు’, ‘ఎంత’ అను ప్రశ్నలకు లెక్క జవాబు చెప్పును. ‘ఎట్లు’, ‘ఏమని తలంచి’ అను ప్రశ్నలకు లెక్క జవాబు చెప్పదు. తెలుగు మాతృభాషగా గలవారు ఢిల్లీలో ఎందరున్నారో జనాభా లెక్కల వలన తెలియును. ఇచ్చటనే పుట్టి పెరిగిన యువకుడు, "మీదే ఊరు?" అని అడిగినప్పుడు తానెన్నడును చూడని తాతగారి గ్రామము పేరు ఎందుకు చెప్పునో ఆ లెక్కల వలన తెలియదు. రెండును శాస్త్రమే. ఒకదానిని మరియొకదానికి ప్రత్యర్థిగా నిలుపు వాదములు తరగతిలో కాలక్షేపమునకు పనికివచ్చును గాని క్షేత్రమున పనికిరావు.

మన విద్యార్థులు ఈ పద్ధతిని పాశ్చాత్య గ్రంథముల ద్వారమున మాత్రమే చదువుకొనుట చింతింపదగిన విషయము. తెలుగు నాట దీనికి పూర్వరంగము లేకపోలేదు. బిరుదురాజు రామరాజుగారు ఊరూర తిరిగి పాటలు సేకరించి, జానపద గేయ సాహిత్యముపై ఉస్మానియా విశ్వవిద్యాలయము నుండి 1956లో డాక్టరేటు పొందిరి. ఆ సిద్ధాంత వ్యాసము 1958లో గ్రంథరూపము దాల్చినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము ప్రథమ సంపుటము, వ్యవసాయ పదములతో, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున వెలువడినది. నాగలి యందలి ఒక్కొక్క భాగమునకు ఏ సీమ రైతు ఏ పేరు పెట్టెనో తెలిసికొనుటకు పుస్తకములు చాలవు, పొలమునకు పోవలసినదే. పోయిన పిమ్మటయు పదమును మనమే ముందు చెప్పి "దీన్ని ఇదేగా అంటారు?" అని అడిగితిమా, ఎదుటివాడు మర్యాదకై "అవునండి" అనును. అది అతని పదము కాదు, మన పదమే మనకు తిరిగివచ్చినది. వస్తువును చూపి ఊరకుండుట క్షేత్రవిద్యలో మొదటి పాఠము. ఎస్.సి. దూబే ఉస్మానియాలో సమాజశాస్త్రోపాధ్యాయులుగా నున్న కాలమున హైదరాబాదు చేరువనున్న శామీర్‌పేటను వివిధ శాఖలవారితో కలిసి పరిశీలించి, 1955లో ‘ఇండియన్ విలేజ్’ అను గ్రంథమును ప్రకటించిరి. భారత గ్రామాధ్యయనములలో మొదటివరుస కెక్కిన ఆ పుస్తకము తెలుగు పల్లెను గూర్చినది. అయినను తెలుగు శాఖల పఠనీయ గ్రంథముల పట్టికలలో నేను దానిని అరుదుగా చూచితిని. ఇతర శాఖవారి సొత్తని కాబోలు!

ఇక భాష విషయము. మేము, మనము అను భేదము ద్రావిడ భాషలలో పెక్కింట కలదు. ఇంగ్లీషులో లేదు, హిందీలోని ‘హమ్’ శబ్దమునకును లేదు. వినువానిని కలుపుకొనుట, కలుపుకొనకపోవుట అను సామాజిక చర్యను తెలుగు వక్త ప్రతి వాక్యమునందును అప్రయత్నముగా చేయుచున్నాడు. పరిశోధకుడు తాను లోపలివాడో వెలుపలివాడో తెలిసికొనుటకు ఇంతకుమించిన కొలమానము లేదు. అయినను తొందరపడరాదు. "ఇది మన ఇల్లే అనుకోండి" అనుటలోని ‘మన’ ఉపచారము మాత్రమే. సందర్భము చూడక ప్రతి మనమును ఆత్మీయతగా లెక్కించుట మరియొక పొరపాటు.

ఇట్టిదే ‘అట’ అను పదము. "ఆ రోజు పోలీసులు వచ్చారు" అనుటకును "వచ్చారట" అనుటకును గల అంతరము న్యాయస్థానమున ఎంత ముఖ్యమో పరిశోధనలోను అంత ముఖ్యము. మొదటిది కన్నది, రెండవది విన్నది. అనువాదమున ‘ట’ రాలిపోయినచో విన్నది కన్నదిగా మారి, ఒక పుకారు సాక్ష్యముగా నమోదగును. మీరు నుండి నువ్వునకు, ‘అండి’ నుండి ‘అమ్మా’కు వక్త దిగివచ్చిన చోటును గూడ గుర్తింపవలెను. కావున మా విద్యార్థులకు నేను విధించు నియమమొక్కటి: వ్రాతప్రతి తెలుగులోనే, వక్త యాసలోనే ఉండవలెను, విశ్లేషణ ముగిసిన పిమ్మటనే అనువాదము. నేడు యంత్రములు ధ్వనిని అక్షరములుగా మార్చుచున్నవి. శ్రమ తగ్గినమాట నిజమే. కాని "వస్తది" అన్న మాట "వస్తుంది" అని అచ్చుపడిన ప్రతులను నేను చూచితిని. యంత్రము వక్తకు భాష దిద్దినది! ధ్వనిముద్రణమును దగ్గర పెట్టుకొని ప్రతి పంక్తిని చెవితో సరిచూచుకొనక తప్పదు.

ఇతరుల పొరపాట్లు చెప్పితిని గనుక నాది గూడ చెప్పవలెను. ముప్పది యేండ్లకు పూర్వము డాక్టరేటు పరిశోధన కాలమున, నాట్ల పాటలు సేకరించుటకై టేపు రికార్డరు భుజమున తగిలించుకొని ఒక తెలంగాణ గ్రామమునకు పోయితిని. అది వేసవి. ఒక కూలి ముసలమ్మను అరుగుపై కూర్చుండబెట్టి పాడుమంటిని. మూడు చరణములు పాడి ఆగి, "కూసోని పాడితె రాదు కొడుకా, మడిల వంగితె దానంతటదే వస్తది" అన్నది. నేను నా పుస్తకమున "వక్తకు పాట పూర్తిగా జ్ఞాపకము లేదు, అసంపూర్ణము" అని వ్రాసికొని, బస్సు వేళయైనదని లేచితిని. ఆమె చెప్పిన వాక్యమును మాత్రము వ్రాసికొనలేదు. అది టేపులో మిగిలినది. పదునెనిమిదేండ్ల తరువాత ఆ టేపును మరల వినుచుండగా నాకు సిగ్గు కలిగినది. నాటు వేయు చేతికిని, వెనుకకు జరుగు అడుగునకును, పాటకును గల సంబంధమును ఆమె ఒక్క వాక్యమున సిద్ధాంతీకరించినది. నేను దానిని సాకుగా భావించితిని. మరల ఆ ఊరికి పోవునప్పటికి ఆమె లేదు.

క్షేత్రలేఖనములు ఏ దినమునకా దినము, నిద్రకు ముందు వ్రాయవలెననుటకు కారణమిదియే. విన్నది ఒక పుటలో, చూచినది వేరొక పుటలో, తనకు తోచినది మూడవ పుటలో వ్రాయుట మేలు. మూడును కలిసిన పిమ్మట ఏది ఎవరిదో చెప్పుట కష్టము. ఈ సందర్భమున ఎం.ఎన్. శ్రీనివాస్‌గారి కథ ఢిల్లీలో చదువువారందరును ఎరుగవలసినది. వారు 1948లో మైసూరు ప్రాంతపు పల్లె యొకదానిలో నివసించి క్షేత్రకార్యము చేసిరి. 1959లో ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్సునందు సమాజశాస్త్ర శాఖను నెలకొల్పిరి. 1970 ఏప్రిలులో అమెరికాలోని స్టాన్‌ఫర్డునందు వారున్న కేంద్రమునకు దుండగులు నిప్పంటింపగా, అనేక వత్సరములు శ్రమించి క్రోడీకరించిన లేఖనముల మూడు ప్రతులును దగ్ధమైనవి. అంతట వారు ప్రధానముగా జ్ఞాపకము నాధారము చేసికొని ‘ది రిమెంబర్డ్ విలేజ్’ వ్రాసిరి, 1976లో వెలువడినది. లేఖనములు లేకున్నను గ్రంథము వ్రాయవచ్చునని కొందరు విద్యార్థులు దీనినుండి గ్రహింతురు. అది విపరీతార్థము. ఏండ్ల తరబడి వ్రాసి, చదివి, వర్గీకరించినందువలననే ఆ పల్లె వారి జ్ఞాపకమున నిలిచినది. వ్రాయనివానికి కాలిపోవుటకును ఏమియు లేదు, జ్ఞాపకమునకు వచ్చుటకును ఏమియు లేదు. ఆ శాఖయు, తెలుగు మొదలగు భాషలు బోధించు ఆధునిక భారతీయ భాషల శాఖయు ఒకే ప్రాంగణమున, నడచి పోదగినంత దూరమున నున్నవి. ఇటు విద్యార్థులు అటు పోవుట అరుదు.

సేకరించిన పిమ్మట విశ్లేషణ. 1967లో గ్లేజర్, స్ట్రాస్ అను అమెరికా సమాజశాస్త్రజ్ఞు లిరువురు, ఆసుపత్రులలో మరణాసన్నులైన రోగుల చెంత చేసిన పరిశీలనానుభవముతో, సిద్ధాంతమును ముందు నిర్మించుకొని సామగ్రిని దానిలో ఇముడ్చుట గాక, సామగ్రినుండియే సిద్ధాంతమును పైకి తీయవలెనని బోధించిరి. దీనికే గ్రౌండెడ్ థియరీ యని పేరు. పంక్తి పంక్తికిని ఒక సంకేతము పెట్టి, సంకేతములను పోల్చి, వర్గములను కట్టుట ఇందలి ప్రక్రియ. వినుటకు సులభము. ఒక ఉదాహరణము కల్పించి చూపెదను. పాలమూరు నుండి కట్టడపు పనులకు దూరదేశములు పోవు కూలీలతో మాటాడితిమనుకొందము. గుంపు మేస్త్రీ ముందుగా ఇచ్చిన పైకమును మేస్త్రీ "అడ్వాన్సు" అనును. అదే పైకమును కూలి "బాకీ" అనును. కూలి భార్య "పెండ్లి పైసలు" అనునేమో. విద్యార్థి ఈ మూడింటికిని ‘రుణము’ అని ఒకే సంకేతము పెట్టినచో పుటలు చక్కబడును, విషయము చచ్చును. ఒకే పైకమునకు మూడు పేర్లుండుటయే పరిశోధింపదగిన విషయము. అందువలన మొదటి సంకేతములు వక్త మాటలుగానే ఉండవలెను. "మా రాత" అని ఒకరన్నంతనే ‘కర్మవాదము’ అని వ్రాయుట కూడ ఇట్టిదే. ఆ మాటతో సంభాషణమును ముగించువారు కలరు. దుఃఖమును మరుగుపరచువారు కలరు. దొరను నిందింపలేక రాతను నిందించువారును కలరు.

ఎందరితో మాటాడవలెను అని అందరును అడుగుదురు. క్రొత్త మనిషి క్రొత్త సంగతి చెప్పనంతవరకు అని శాస్త్రము. దీనిని సంతృప్త స్థితి యందురు. ఒక సెమిస్టరు గడువుగల విద్యార్థికి ఈ సమాధానము ఊరట నీయదు. ఇరువదిమందితో ఒక్కొక్కసారి మాటాడుటకంటె, ఆరుగురితో మూడేసి సార్లు మాటాడుట మేలని నా అభిప్రాయము. మొదటిసారి చెప్పినది మర్యాద, రెండవసారి చెప్పినది సంగతి. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009 నియమావళిచే డాక్టరేటునకు పరిశోధనా పద్ధతుల పాఠ్యక్రమము తప్పనిసరి చేసినది. 2022 నియమావళితో ఎం.ఫిల్. తొలగినది. మునుపు ఎం.ఫిల్. విద్యార్థి చేయి తిరుగుటకు దొరకిన ఆ వ్యవధి నేడు లేదు. క్షేత్రాభ్యాసము ఎం.ఏ.లో ఆరంభము కానిచో, డాక్టరేటు విద్యార్థి తన మొదటి తప్పులను సిద్ధాంత వ్యాసమునందే చేయవలసివచ్చును. వాటి నష్టము అతనికంటె అతని వక్తలకు ఎక్కువ.

పేర్ల విషయమున రెండు సంప్రదాయములు కలవు. శ్రీనివాస్‌గారు తమ పల్లెకు ‘రాంపుర’ అని మారుపేరు పెట్టిరి. తగవులు, ఆస్తులు, కుటుంబ రహస్యములు వ్రాయునప్పుడు అది ధర్మము. జీన్ రోఘైర్ పల్నాటి వీరుల కథపై 1982లో ప్రకటించిన గ్రంథమున గాయకుడైన అలిశెట్టి గాలేయ పేరు దాచలేదు. కళాకారుని పేరు దాచుట దొంగతనము. మీ వక్త ఈ రెండింటిలో దేనికి చెందునో ముందుగా ఆలోచించుకొని, ఆమెనే అడుగవలెను. అంగీకార పత్రముపై సంతకమన్నంతనే మన పల్లెలలో అప్పు పత్రమో భూమి కాగితమో అను భయము కలుగును. చదివి వినిపించి, నోటితో చెప్పిన అంగీకారమును ధ్వనిముద్రణము చేయుట ఉచితము.

మొదట చెప్పిన విద్యార్థిని తెలుగు వ్రాతప్రతిని పట్టుకొని ఆ వృద్ధురాలి యింటికి మరల పోయి, ఆద్యంతము చదివి వినిపించినది. ఆమె శ్రద్ధగా విని ఒకచోట ఆపినది. ఢిల్లీకి బయలుదేరినప్పుడు ఊరిలో తమను గూర్చి పలికిన మాటలవి. "అలా అన్నారు అని రాశావు. నేను విన్లేదమ్మా. అన్నారట. మా ఆడపడుచు చెప్పింది" అన్నది. విద్యార్థిని కలము తీసి అక్కడ ‘ట’ చేర్చినది.