విడాకులూ వియోగమే... ఆరా కాదు, ఆసరా కావాలి

పుదుచ్చేరిలోని బాహూరులోనైనా, అదే కేంద్రపాలిత ప్రాంతంలో తెలుగు మాట్లాడే యానాంలోనైనా మరణం సంభవించిన ఇంటికి బంధుమిత్రులు పరామర్శకు వెళ్తారు. వివాహ బంధం తెగిన ఇంటికి అలా వెళ్లేవారు అరుదు. వెళ్లినా తొలి ప్రశ్న 'తప్పెవరిది?' అన్నదే. సహానుభూతి లోపించేది అక్కడే.

ఎందుకింత బాధ?

అమెరికా మానసిక వైద్యులు థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే 1967లో జీవన ఘటనల ఒత్తిడికి ఓ కొలమానం రూపొందించారు. అందులో జీవిత భాగస్వామి మరణానికి 100 పాయింట్లు, విడాకులకు 73, దంపతులు విడిగా ఉండటానికి 65 ఇచ్చారు. మొదటి మూడు స్థానాలూ వీటివే. సమాజం గుర్తించని ఇలాంటి శోకం మనిషిని మరింత ఒంటరిని చేస్తుందని కెన్నెత్ డోకా 1989లో విశ్లేషించారు. విడాకులు కోరినవారికి బాధ ఉండదనుకోవడమూ పొరపాటే.

చట్టం ఏం చేస్తుంది?

1955 నాటి హిందూ వివాహ చట్టంలో పరస్పర అంగీకార విడాకులకు 1976లో చోటు దక్కింది. ఫ్రెంచి పాలనలో 1881 నాటి ఉత్తర్వు మేరకు సంప్రదాయ ధర్మశాస్త్రాన్ని వదులుకుని ఫ్రెంచి పౌరస్మృతిని స్వీకరించిన పుదుచ్చేరి 'రెనాన్సాంట్ల'కు ఈ చట్టం వర్తించదు. వర్తించే చట్టమేదైనా, తీర్పుతో ముగిసేది బంధమే తప్ప దుఃఖం కాదు.

ఏం చేయాలి?

* కారణాలు తవ్వకుండా, చెప్పింది వినాలి. మౌనంగా పక్కన కూర్చున్నా చాలు.
* 'పీడ విరగడైంది', 'మళ్లీ పెళ్లి చేసుకుంటే సరి' వంటి మాటలు వద్దు. మాజీ భాగస్వామిని తిట్టడం ఓదార్పు కాదు. ఆ ప్రేమ ఇంకా మిగిలి ఉండవచ్చు.
* 'ఏదైనా కావాలంటే చెప్పు' అనేకంటే భోజనం తీసుకెళ్లడం, కోర్టుకు తోడు వెళ్లడం మేలు.
* పెళ్లిరోజు, తొలి పండుగ నాడు పలకరించాలి. శుభకార్యాలకు మునుపటిలాగే పిలవాలి.
* పిల్లల ఎదుట తల్లినీ, తండ్రినీ నిందించకూడదు.

ఎప్పుడు అప్రమత్తం కావాలి?

వారాల తరబడి నిద్ర, ఆహారం కరవైనా, చనిపోవాలన్న మాట వినిపించినా ఆలస్యం చేయకుండా వైద్య సాయం అందేలా చూడాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ ఉచిత సేవలు 14416 నంబరులో 24 గంటలూ అందుబాటులో ఉంటాయి. హింస ఎదుర్కొంటున్న మహిళలు 181కు ఫోన్ చేయవచ్చు.

మరణం జరిగిన ఇంట 'వెళ్లొస్తాను' అనకుండా వచ్చేయడం తెలుగువారి ఆచారం. విడాకుల దుఃఖంలో ఉన్నవారు వినాలని ఎదురుచూసేది మాత్రం సరిగ్గా ఆ మాట కోసమే. చెప్పాలి, చెప్పినట్టే మళ్లీ వెళ్లాలి.