రూబార్బ్ దుంపకు పెట్టే తిండి

మే నెల వచ్చిందంటే మిషిగన్, మిన్నెసోటా, ఒంటారియో రైతుబజార్లలో ఎర్రటి కాడల కట్టలు కనిపిస్తాయి. మూరెడు పొడవు, బొటనవేలి మందం, పచ్చిగా కొరికితే పళ్ళు పులిసేంత పులుపు. అదే రూబార్బ్. అక్కడివాళ్ళు దండిగా పంచదార పోసి పై, జామ్ చేసుకుంటారు. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళు చాలామంది దాన్ని పప్పులో వేస్తారు, పచ్చడి నూరతారు. నోటికి తట్టిన ఆ చుట్టరికం నిజమైనదే. మన చుక్కకూరా, రూబార్బూ ఒకే వృక్ష కుటుంబానికి చెందినవి. గోంగూరది మాత్రం మందార కుటుంబం.

ఇష్టపడి పెరట్లో నాటుకున్నవాళ్ళలో కొందరు రెండేళ్ళు తిరక్కుండానే విసిగిపోతారు. కాడలు పెన్సిల్ లావే వస్తున్నాయంటారు, మొక్క మొదలు కుళ్ళిందంటారు. నేను చూసినంతలో చిక్కంతా ఒక్కచోటే ఉంది. దాన్ని ఆకుకూర లెక్కన చూస్తున్నాం. తోటకూర విత్తు చల్లితే నెల తిరిగేసరికి కోసుకోవచ్చు. రూబార్బ్ అలాంటిది కాదు. నచ్చిన చోట పెడితే పదిహేనేళ్ళు, ఇరవయ్యేళ్ళు బతికే బహువార్షిక మొక్క. వేసవంతా దాని పెద్ద పెద్ద ఆకులు ఎండలో వండిన ఆహారం నేలలోని దుంపలోకి దిగుతుంది. చలికి పైభాగమంతా ఎండి రాలిపోతుంది. మంచు కరగగానే దుంపలో దాచుకున్న నిల్వతోనే కొత్త కాడలు పైకి లేస్తాయి. ఈ వసంతంలో మనం కోసే కాడకు కావలసిన సరుకు నిరుటి వేసవిలోనే తయారైందన్నమాట. ఆ దుంపే గాదె. ఎంత లోతున నాటాలి, ఎరువు ఎప్పుడు వేయాలి, ఎప్పుడు కోత ఆపాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఇక్కడే ఉంది.

ఈ సంగతిని బాగా వాడుకున్నవాళ్ళు ఇంగ్లండులోని యార్క్‌షైర్ రైతులు. లీడ్స్, వేక్‌ఫీల్డ్ చుట్టుపక్కల పల్లెల్ని ఇప్పటికీ 'రూబార్బ్ త్రికోణం' అంటారు. వాళ్ళు మొక్కల్ని రెండేళ్ళ పాటు కోయకుండా పొలంలో పెంచుతారు. దుంపలకు చలి బాగా తగిలాక తవ్వి తీసి, వెలుతురు చొరబడని వెచ్చటి షెడ్లలో పేరుస్తారు. ఆ చీకట్లో ఆకుకు పనేమీ ఉండదు. దుంపలోని నిల్వ ఒక్కదానితోనే లేత గులాబీరంగు కాడలు చకచకా పెరుగుతాయి. వెలుతురు పడితే ఆ లేతదనం పోతుంది కాబట్టి కొవ్వొత్తుల వెలుగులోనే కోస్తారు. కోత అయ్యాక దుంపలో సత్తువేమీ మిగలదు, పారేస్తారు. మట్టి నుంచి కొత్తగా ఏమీ తీసుకోకుండా పంటంతా ఇవ్వగలిగిన దుంపలో ఎంత దాగి ఉంటుందో ఊహించండి. 2010లో యూరోపియన్ యూనియన్ ఈ పంటకు ప్రాంతీయ రక్షిత గుర్తింపు కూడా ఇచ్చింది.

ఆ రైతులు దుంపను అంత బలంగా తయారుచేసింది దేనితో అన్నది మనకు ఇంకా ముఖ్యం. ఆ ప్రాంతమంతా ఉన్ని మిల్లులు ఉండేవి. మిల్లుల్లో మిగిలిన ఉన్ని చెత్తను బళ్ళ కొద్దీ తెచ్చి పొలాల్లో దున్నేవారు. ఉన్నిలో నత్రజని ఎక్కువ, అది మట్టిలో చాలా నెమ్మదిగా చివుకుతుంది. నెలల తరబడి కొంచెం కొంచెంగా అందే తిండి రూబార్బ్‌కు సరిగ్గా సరిపోయింది.

మన పెరటికి వద్దాం. ముందుగా ఒక మాట: హైదరాబాదులోనో విజయవాడలోనో దీన్ని ఏళ్ళ తరబడి నిలపాలని ఆశపడకండి. దుంప నిద్రపోయి మళ్ళీ లేవాలంటే చలికాలంలో సుమారు 5 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చలి వారాల తరబడి తగలాలి. వేసవి సగటు 24 డిగ్రీలు దాటకుండా ఉంటే మొక్క సుఖపడుతుంది. మన ఎండలకు అది కుంగిపోతుంది. దీని హిమాలయ బంధువు వేరునే మన మూలికల దుకాణాల్లో రేవల్చిన్ని పేరుతో అమ్ముతారు. అది విరేచనానికి వాడే మందు, ఈ కూరతో దానికి పని లేదు. ఈ వ్యాసం చలిదేశాల్లో చారెడు నేల ఉన్న తెలుగువాళ్ళ కోసం.

విత్తనంతో మొదలుపెట్టవద్దని నా సలహా. విత్తనం మొక్క తల్లిని పోలకపోవచ్చు, పైగా ఒక ఏడాది వృథా. నర్సరీలో దొరికే దుంప గానీ, పాత మొక్క ఉన్న పొరుగువాళ్ళు విడదీసి ఇచ్చే ముక్క గానీ తీసుకోండి. ప్రతి ముక్కకూ కనీసం ఒక బలమైన కన్ను, దానితో పాటు మంచి వేరు ఉండాలి. రకం దగ్గర చాలామంది ఎరుపు చూసి మోసపోతారు. రంగుకూ పక్వానికీ సంబంధం లేదు. 19వ శతాబ్దంలో రాణి పేరు పెట్టిన 'విక్టోరియా' రకం కాడలు చాలా వరకు పచ్చగానే ఉంటాయి, కానీ కాపులో అది గట్టిది. ఎరుపే కావాలంటే 'కెనడా రెడ్' ఉంది.

నాటడానికి అదను వసంతం తొలిరోజులు, నేల గుల్లగా తవ్వడానికి వీలయ్యే సమయం. ఆకులు రాలాక శరదృతువులోనూ నాటవచ్చు. రోజుకు ఆరు గంటలైనా ఎండ పడే చోటు, చెట్ల వేళ్ళకు దూరంగా, పదేళ్ళ దాకా కదిలించనక్కరలేని మూల ఎంచుకోండి. మొక్కకూ మొక్కకూ మూడు నాలుగు అడుగుల ఎడం ఉండాలి. నాటిన రోజు ఆ ఖాళీ చూసి మనసొప్పదు, మూడో ఏడు ఆకులు ఒకదానిమీద ఒకటి పడుతుంటే అర్థమవుతుంది. నీరు నిలిచే నేల దీనికి మృత్యువు. బంకమట్టి అయితే ఎత్తు మడి కట్టాల్సిందే.

గొయ్యి రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు తవ్వండి. తీసిన మట్టిలో రెండు బకెట్ల కంపోస్టో, బాగా చివికిన పశువుల ఎరువో కలిపి తిరిగి నింపండి. దుంప కన్ను నేల మట్టానికి ఒకటి రెండు అంగుళాల కిందే ఉండాలి, బరువు నేలల్లో ఇంకా పైకే. మిషిగన్ చలికి భయపడి జానెడు లోతున పూడ్చితే కన్ను తడికి కుళ్ళుతుంది. చలి దుంపను చంపదు, నిలిచిన తడి చంపుతుంది. నాటే గోతిలో రసాయన ఎరువు మాత్రం వేయవద్దు. కొత్త వేళ్ళు మాడిపోతాయి.

ఇక తిండి. కూరగాయల్లో ఇంత ఆకలిగల మొక్కలు తక్కువ. ఒక్కో ఆకు విస్తరికన్నా పెద్దది, అలాంటివి ఇరవై ముప్ఫై తయారుచేసుకోవాలంటే నత్రజని బోలెడు కావాలి. ఏడాదికి రెండు పూటలు పెట్టాలి. మొదటిది వసంతంలో, ఎర్రటి మొగ్గలు నేలను చీల్చుకుని కనబడగానే. మొక్క చుట్టూ రెండంగుళాల మందాన చివికిన ఎరువు పరవండి. మొదలు మీద మాత్రం వేయకండి, ఒక బెత్తెడు వదిలి చుట్టూ వలయంగా వేయండి. మొదలును కప్పేస్తే తడి చేరి కుళ్ళు తెగులు పడుతుంది. పశువుల ఎరువు దొరకనివాళ్ళు దుకాణంలో అమ్మే 10-10-10 ఎరువును ముదురు మొక్కకు అర కప్పు చొప్పున చుట్టూ చల్లి, పైపైన మట్టిలో కలిపి నీళ్ళు పోస్తే సరి.

రెండో పూటను చాలామంది మరచిపోతారు. నా దృష్టిలో అసలైనది అదే. జూన్ చివర కోత ఆపేశాక, ఇక పంట లేదు కదా అని మొక్కను పట్టించుకోవడం మానేస్తారు. కానీ ఆ రోజు నుంచి శరదృతువు దాకా మిగిలిన ఆకులు వచ్చే ఏటి కాడల కోసం వండుతూనే ఉంటాయి. అప్పుడు మళ్ళీ కంపోస్టు పరచి, వాన లేని వారాల్లో అంగుళం నీరు అందేలా చూస్తే, ఆ ఫలితం పది నెలల తర్వాత కాడ లావులో కనిపిస్తుంది. వేసవి చివర మాత్రం ఎరువు ఆపేయండి. చలి ముందు లేత చివుళ్ళు వేయించడం మంచిది కాదు.

పచ్చి పేడ వద్దు, వేడికి వేళ్ళు కాలుతాయి. బయటినుంచి తెచ్చే ఎరువు గురించి ఇంకో జాగ్రత్త: కలుపు మందు కొట్టిన గడ్డి మేసిన పశువుల పేడలో ఆ మందు మిగిలిపోతుంది, వెడల్పాకు మొక్కల్ని వంకర్లు తిప్పి చంపుతుంది. తెలియని చోటు నుంచి తెచ్చారా, ముందు కుండీలో నాలుగు చిక్కుడు గింజలు వేసి చూడండి. పచ్చిక బయలుకు చల్లే కలుపుమందు కలిసిన ఎరువు కూడా రూబార్బ్ దరిదాపులకు రాకూడదు. పసుపు మచ్చల ముక్కు పురుగు ఒకటి కాడల్ని తొలుస్తుంది. అది చుక్కకూర జాతి కలుపు మొక్కల్లో పెరుగుతుంది, అందుకే పెరట్లో అవి కనిపిస్తే వేళ్ళతో సహా పీకేయండి.

కోత విషయంలో మనసు గట్టి చేసుకోవాలి. మొదటి ఏడు ఒక్క కాడా ముట్టవద్దు. రెండో ఏడు ఒకటి రెండు వారాలు, లావుపాటివి నాలుగైదు. మూడో ఏడు నుంచి ఎనిమిది వారాల దాకా కోయవచ్చు. ఎప్పుడూ సగం కాడలైనా మొక్కకే ఉంచాలి. కత్తి వాడకుండా కాడ మొదలు పట్టి మెలితిప్పి లాగితే శుభ్రంగా ఊడి వస్తుంది. కోసిన మొండెం కుళ్ళితే తెగులు దుంపలోకి దిగుతుంది. మధ్యలోంచి పూల కాడ లేస్తే వెంటనే తీసేయండి, విత్తనం కట్టడానికి గాదె ఖాళీ అవుతుంది.

అన్నిటికన్నా నాకు భయం కలిగించేది ఆకు. ఇంగ్లీషువాళ్ళు కాడ మాత్రమే తినే అలవాటుతో పెరుగుతారు. మనకు పుల్లటి మొక్క కనబడితే చెయ్యి ఆకు మీదికే పోతుంది. ఇండియా నుంచి వేసవికి వచ్చిన అమ్మో అత్తయ్యో, మీరు ఆఫీసులో ఉండగా, పెరట్లో నవనవలాడే అంత పెద్ద ఆకును వృథా చేయడమెందుకని పప్పులో వేయడం ఎంత సహజమో ఆలోచించండి. రూబార్బ్ ఆకు విషం. అందులో ఆక్జాలిక్ ఆమ్లం చాలా ఎక్కువ. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆహార కొరత తీర్చడానికి బ్రిటన్‌లో ఈ ఆకుల్ని కూరగా వండుకోమని సలహా ఇస్తే, తిన్నవాళ్ళు విషప్రభావానికి గురయ్యారు, మరణాలూ జరిగాయి. ఇంటికి వచ్చిన పెద్దవాళ్ళకు మొదటి రోజే చెప్పండి. మొక్క పక్కన తెలుగులో ఒక చెక్క పలక పెట్టినా తప్పులేదు. కోసిన చోటే ఆకు తుంచి కాడ ఒక్కటే వంటింట్లోకి తేవడం ఇంకా మంచి పద్ధతి. తుంచిన ఆకుల్ని నిశ్చింతగా కంపోస్టులో వేయవచ్చు, చివికాక ఆ విషం ఉండదు. గట్టి మంచు తగిలి మెత్తబడిన కాడల్ని కూడా పారేయండి. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు కాడ తినే ముందు కూడా డాక్టరును అడగాలి.

వండేటప్పుడు అల్యూమినియం గిన్నె వద్దు, పులుపు లోహాన్ని లాగుతుంది. కాడ నిమిషాల్లో కరిగిపోతుంది కాబట్టి కందిపప్పు విడిగా ఉడికాకే ముక్కలు వేయాలి. లేత కాడకు చెక్కు తీయనక్కరలేదు.

అయిదారేళ్ళు గడిచాక, ఎరువు తగ్గకున్నా కాడలు సన్నబడితే దుంపలో కళ్ళు కిక్కిరిసిపోయాయని గుర్తు. వసంతంలో మొగ్గ విచ్చకముందే పారతో చుట్టూ తవ్వి దుంపను పైకి లేపండి. పదునైన కత్తితో, ఒక్కో ముక్కకు కన్నూ వేరూ వచ్చేలా కోయండి. మధ్యలో ముదిరి బెండుబారిన భాగం తీసేయండి. ఒక ముక్కను కొత్త ఎరువు కలిపిన మరోచోట నాటి, తక్కినవి తడి కాగితంలో చుట్టి, ఆరిపోకముందే అడిగినవాళ్ళకు ఇచ్చేయండి. ఇచ్చేటప్పుడు ఆకు సంగతి మాత్రం చెప్పి ఇవ్వండి.