రచయితకు తన లోపం తెలిసేదెలా

కథ రాసినవాడికి ఆ కథ గురించి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. చిక్కంతా అక్కడే వస్తుంది. పాత్ర ఏ ఊళ్లో పెరిగింది, ఎందుకంత ముభావంగా ఉంటుంది, పెళ్లి ఎలా చెడింది, ఇవన్నీ రచయిత మనసులో ముందే ఉంటాయి. కాగితం మీద రెండు ముక్కలే పడినా, తిరిగి చదువుకునేటప్పుడు మిగతాది తనే పూరించుకుంటాడు. పాఠకుడికి ఆ వెసులుబాటు లేదు. అందుకే సొంత రచన మీద రచయితల తీర్పులు తరచు ఈ కొస నుంచి ఆ కొసకు ఊగుతుంటాయి: రాసిన రోజు అద్భుతం, నెల పోయాక చెత్త. ఈ రెండు మాటల వల్లా తర్వాతి వాక్యం బాగుపడదు. సంభాషణ నడుస్తోంది గాని వర్ణన నడవడం లేదు, ఎత్తుగడ బాగుంది గాని మూడో పేజీలో కథ ఆగిపోయింది అని చెప్పుకోగలిగితే అది పనికొచ్చే అంచనా.

అలాంటి లెక్కను బాహాటంగా తేల్చుకున్నవాడు ఇంగ్లిష్ రచయిత సోమర్‌సెట్ మామ్ (1874–1965). 1938లో వెలువడిన ‘ది సమ్మింగ్ అప్’లో తన దగ్గర ఏముందో, ఏం లేదో వరసపెట్టి రాశాడు. కవితాత్మ లేదు, పదసంపద తక్కువ, ఉపమలు తట్టవు. చురుకైన చూపు ఉంది, చూసింది తేటగా చెప్పగలడు, తర్కం ఉంది, మాటల నాదాన్ని పట్టే చెవి ఉంది. ఈ ఎరుక ఊరికే రాలేదు. కుర్రతనంలో ఆస్కార్ వైల్డ్ శైలి మీద మోజుతో బ్రిటిష్ మ్యూజియంకు వెళ్లి అరుదైన రత్నాల పేర్లు నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాడు. వాటిని వాడే సందర్భమే రాలేదు. తర్వాత స్విఫ్ట్ గద్యాన్ని పట్టుకున్నాడు. పేరాలు ఎత్తిరాయడం, పుస్తకం మూసి జ్ఞాపకం మీద మళ్లీ రాయడం, మాటలు మార్చి చూడడం అతని సాధన. తను మార్చిన ప్రతిచోటా స్విఫ్ట్ మాటే సరైనదని తేలింది.

చివరికి స్పష్టత, సరళత, వినసొంపు అనే మూడింటిని, అదే వరసలో, తన గురిగా పెట్టుకున్నాడు. ఉపమ తట్టనివాడు చూసింది చూసినట్టు చెప్పక తప్పదు. లండన్‌లో వైద్యవిద్యార్థిగా లాంబెత్ పేటల్లో పురుళ్లు పోస్తూ తిరిగినప్పటి చూపే అతని మొదటి నవల ‘లిజా ఆఫ్ లాంబెత్’ (1897)కు పెట్టుబడి అయింది. ఈ ఒప్పుకోలులో కాస్త గర్వం కూడా లేకపోలేదు. 1908లో లండన్ రంగస్థలాల మీద ఒకేసారి నాలుగు నాటకాలు ఆడించుకున్న మనిషి ‘నాకు ప్రతిభ తక్కువ’ అంటే దాన్ని వినయంగానే తీసుకోనక్కర్లేదు.

ఫ్రెంచ్ రచయిత ఫ్లాబేర్‌కు తన బలాబలాలు తేల్చే ఈ పని స్నేహితులు చేసిపెట్టాల్సి వచ్చింది. 1849 సెప్టెంబరులో క్రోయిసేలోని తన ఇంట్లో మాక్సీమ్ ద్యు కాం, లూయీ బూయేలను కూర్చోబెట్టుకుని, సెయింట్ ఆంటోనీ కథ మీద రాసిన గ్రంథాన్ని నాలుగు రోజుల పాటు చదివి వినిపించాడు. విన్నవాళ్లు దాన్ని మంటలో పడేయమన్నారని ద్యు కాం తన జ్ఞాపకాల్లో రాశాడు. ఫ్లాబేర్‌కు వాక్యవైభవమే బలం, అదే బలహీనత. ఎడారి, మునులు, దెయ్యాలు అనగానే కలం పట్టుతప్పేది. సాదాసీదా విషయం తీసుకోమని మిత్రులు చెప్పిన మందు చేదుగానే ఉన్నా పనిచేసింది. తనలో ఆవేశపూరితమైన మాటల హోరును ఇష్టపడేవాడొకడు, నిజాన్ని తవ్విపోసేవాడొకడు ఉన్నారని 1852లో ప్రియురాలు లూయీజ్ కోలేకు ఉత్తరం రాసేనాటికి అతను ‘మదాం బొవారీ’లో పడి ఉన్నాడు. ఒక పల్లెటూరి డాక్టరు భార్య కథకు దాదాపు ఐదేళ్లు పట్టింది. వాక్యాన్ని గొంతెత్తి చదివేవాడు. నోరు తడబడిన చోట దిద్దేవాడు.

ఎడిటరు ఎత్తిచూపిన లోపం వెనక అంతకంటే పెద్దది దాగి ఉండొచ్చు. 1924లో అమెరికన్ రచయిత ఫిట్జెరాల్డ్ నవల ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ రాతప్రతి చదివిన మాక్స్‌వెల్ పెర్కిన్స్, నాయకుడు మసకగా ఉన్నాడన్నాడు. అసలు గాట్స్‌బీ ఎలా ఉంటాడో, ఏం చేస్తాడో తనకే తెలియదని ఫిట్జెరాల్డ్ ఒప్పుకుని ప్రూఫుల మీదే భారీగా తిరగరాశాడు. 1925లో నవల వచ్చాక, మిత్రుడు ఎడ్మండ్ విల్సన్‌కు మరో సంగతి చెప్పాడు: గాట్స్‌బీ, డైసీ మళ్లీ కలిసిన దగ్గర్నుంచి చివరి దుర్ఘటన దాకా వాళ్ల మధ్య ఏం నడిచిందో తను రాయలేదు, తనకూ తెలియదు, మంచి వచనం కప్పేయడంతో విమర్శకులెవరూ కనిపెట్టలేదు. రచయిత ఒక్కడే చూడగల లోపమంటే ఇదే.

రష్యన్ కథకుడు చెహోవ్ సంగతి వేరు. 1886లో పెద్ద రచయిత గ్రిగొరోవిచ్ నుంచి ప్రతిభను గౌరవించుకోమంటూ ఉత్తరం వచ్చేదాకా, ఏ కథ మీదా ఒక రోజుకు మించి కూర్చున్నది లేదని జవాబులో తనే రాశాడు. 1899లో మార్క్స్ అనే ప్రచురణకర్తకు హక్కులు అమ్మి సంపుటాలు సిద్ధం చేసేటప్పుడు, ఆ తొలినాటి రచనల్లో చాలావాటిని పక్కకు తోసేశాడు, ఉంచినవాటిని దిద్దాడు. తెలుగులో కాళీపట్నం రామారావు తొలి కథలతో తృప్తిపడక కొన్నేళ్లు రాయడమే ఆపేశారు. ఆ విరామం తర్వాత 1964లో ‘యజ్ఞం’ వచ్చింది. కథ చెప్పే పద్ధతుల మీద ‘కథాకథనం’ రాసిందీ ఆయనే.

అయితే రచయిత తీర్పును చివరి మాటగా తీసుకోవడానికి లేదు. తన రాతప్రతుల్ని తగలబెట్టమన్న కాఫ్కా మాట స్నేహితుడు మాక్స్ బ్రాడ్ విని ఉంటే 1925లో ‘ద ట్రయల్’ వెలుగు చూసేది కాదు. టాల్‌స్టాయ్ విషయంలో కొలబద్దే మారిపోయింది. 1898 నాటి ‘కళ అంటే ఏమిటి?’లో రెండు చిన్న కథలు మినహా తన కాల్పనిక రచనలన్నిటినీ చెడ్డ కళ కిందికి నెట్టేశాడు. ‘యుద్ధము – శాంతి’, ‘అన్నా కరేనినా’ కూడా ఆ జాబితాలోవే. అదే రోజుల్లో, 1896లో మొదలుపెట్టిన ‘హాజీ మురాద్’ను, తనే తోసిపుచ్చిన ఆ పాత పద్ధతిలో, మళ్లీ మళ్లీ తిరగరాస్తూ 1904 దాకా పనిచేశాడు. బతికుండగా అచ్చు వేయించలేదు. అది 1912లో, ఆయన పోయాక వెలువడింది.