కనిపించని కాలువకు కొలత

శ్రీ సత్యసాయి జిల్లాలోని బత్తలపల్లి ప్రాంతం మెట్టభూముల సీమ. ఇక్కడి వేరుశనగ పైరు వాననూ, బోరునీటినీ నమ్ముకొని నిలుస్తుంది. అదనులో బోరుమోటారు ఆగిపోతే రైతు శ్రమ మట్టిపాలవుతుంది. కొన్ని ఆటోస్టార్టర్లలో మోటారును నడిపించే రిలేను ఒక ట్రాన్సిస్టర్ పనిచేయిస్తుంది. అది వేరుశనగ గింజకన్నా చిన్నది.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్ తొలి ట్రాన్సిస్టర్‌ను పనిచేయించారు. షాక్లీతో కలిసి వారు 1956లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని అందుకొన్నారు.

ట్రాన్సిస్టర్‌కు బేస్, కలెక్టర్, ఎమిటర్ అనే మూడు కాళ్లుంటాయి. దీనిని చెరువు తూముతో పోల్చవచ్చు. నీరుగంటి తూమును కొద్దిగా ఎత్తితే కాలువ నిండా నీరు పారుతుంది. అట్లే బేస్‌లోని స్వల్ప ప్రవాహం కలెక్టర్‌లోని అధిక ప్రవాహాన్ని అదుపు చేస్తుంది. ఈ రెండూ కలిసి ఎమిటర్ ద్వారా వెలుపలికి పోతాయి.

ఈ ప్రవాహాన్ని కొలవడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, తీగను తెంచి ఆ మధ్యలో అమ్మీటరును శ్రేణిలో కలపడం. పొరపాటున దానిని సమాంతరంగా కలిపితే అధిక ప్రవాహం దూసుకువచ్చి మీటరు ఫ్యూజు కాలిపోతుంది. రెండవది, తీగను తెంచకుండా, నిరోధం తెలిసిన భాగం రెండు చివరల మధ్య వోల్టేజిని కొలవడం. ఆ వోల్టేజిని నిరోధంతో భాగిస్తే ప్రవాహం తెలుస్తుంది. ఇదే ఓమ్ నియమం. కాలువలో నిలిపిన కొలతరాయిపై నీటి ఎత్తును చూసి పారుదలను అంచనా కట్టడం వంటిదే ఇది.

ఉదాహరణకు, రిలే చుట్ట నిరోధం 400 ఓములు, దాని చివరల మధ్య వోల్టేజి 12 వోల్టులు అనుకొందాం. అప్పుడు కలెక్టర్ ప్రవాహం 30 మిల్లీఆంపియర్లు. బేస్‌కు కలిపిన 2,200 ఓముల నిరోధకం మీద 4.4 వోల్టులుంటే బేస్ ప్రవాహం 2 మిల్లీఆంపియర్లు. కాబట్టి ఎమిటర్ ప్రవాహం 32 మిల్లీఆంపియర్లు.

బీసీ 547 అనే ట్రాన్సిస్టర్ కలెక్టర్‌లో 100 మిల్లీఆంపియర్ల వరకే తట్టుకొంటుంది. చుట్టలోని తీగపూత చెడి నిరోధం 100 ఓములకు పడిపోతే ప్రవాహం 120 మిల్లీఆంపియర్లకు చేరవచ్చు. అప్పుడు కొత్త ట్రాన్సిస్టర్‌ను అమర్చినా అదీ కాలిపోవచ్చు. పాత 400 ఓములనే నమ్మి లెక్కవేసినవారికి మాత్రం 30 మిల్లీఆంపియర్లే కనిపిస్తాయి. అందుచేత ముందుగా విద్యుత్తును ఆపి, చుట్టను విడదీసి, దాని నిరోధాన్ని సరిచూడాలి.

స్టార్టరు పెట్టెలో ప్రాణాంతకమైన త్రీఫేజు విద్యుత్తు ఉంటుంది. విద్యార్థులు దానిని తెరవక, ప్రయోగశాలలో 12 వోల్టుల బ్యాటరీతోనే ఈ ప్రయోగం చేయాలి. కాలిన భాగాన్ని మార్చడం మరమ్మతులో సగం మాత్రమే. అది ఎందుకు కాలిందో కొలిచి తెలుసుకోవడం మిగిలిన సగం.