ఉపగ్రహ చిత్రాల మేళనం

అంచుల వద్ద ఒకదానిపై ఒకటి వచ్చే ఉపగ్రహ చిత్రాలను సాఫ్ట్‌వేరు సాయంతో సరిపోల్చి, ఒకే చిత్రంగా కూర్చడాన్ని ఉపగ్రహ చిత్రాల మేళనం లేదా మొజాయిక్ అంటారు. 1995 డిసెంబరు 28న ప్రయోగించిన ఐఆర్ఎస్-1సి ఉపగ్రహంలోని లిస్-3 కెమెరా ఒక పర్యాయంలో సుమారు 141 కిలోమీటర్ల వెడల్పు గల పట్టీని మాత్రమే చూడగలిగేది. అంతకంటె విశాలమైన ప్రాంతానికి పటం కావాలంటే పక్క పట్టీలను అతకవలసిందే.

ముందుగా రెండు చిత్రాలలోనూ కనిపించే రోడ్ల కూడలి, వంతెన, చెరువు కట్ట వంటి స్థిరమైన గుర్తులను జతపరుస్తారు. నీటి అంచు ఇందుకు పనికిరాదు. అది ఋతువును బట్టి మారుతుంది. ఈ గుర్తుల ఆధారంగా సాఫ్ట్‌వేరు ఒక చిత్రాన్ని జరిపి, తిప్పి, సాగదీసి రెండవదానితో కలుపుతుంది. పిదప రంగుల తేడాను సవరించి, అతుకు గీతను నిర్ణయిస్తారు.

2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని తాడిమర్రి మండలపు భూములు కొన్ని చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు ముంపు పరిధిలో ఉన్నాయి. ఇటువంటి చోట చిన్న పొరపాటు కూడా చిన్నది కాదు. లిస్-3 చిత్రంలో ఒక పిక్సెల్ నేలపై 23.5 మీటర్లు. కూర్పు రెండు పిక్సెళ్ళు తప్పితే నీటి అంచు 47 మీటర్లు జరుగుతుంది. మునిగిన చేను మెట్టగా, మెట్ట చేను ముంపుగా కనబడవచ్చు. ఒక చిత్రం వేసవిలోనిది, మరొకటి వానల తరువాతిది అయితే, గుర్తులన్నీ సరిపోయినా జలాశయం అతుకు వద్ద తెగినట్లుంటుంది. రంగులు సవరించి దీనిని కప్పిపుచ్చితే పటం చూపుకు బాగుంటుంది గాని, ముంపు లెక్కకు పనికిరాదు. అందుకు దగ్గరి తేదీల చిత్రాలనే తీసుకొని, ఏ భాగం ఏనాటిదో పటంపై వ్రాయాలి.