కాగితము – దాని ప్రతిబింబము

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచెత్తినది. నదిని ఆనుకొనియున్న పాతబస్తీలో ఆ మాట నేటికిని వినవచ్చును. ఇంటితోపాటు ఇంటికాగితమును కొట్టుకొనిపోయినచో, ఆ స్థలము తనదని చూపుట యెట్లు?

నేడు దస్తావేజును ఫోనుతో ఫొటో తీసి నిశ్చింతగా ఉందుము. కాని ప్రతిబింబము తీయుట వేరు. దానిని మూలముతో ముడివేయుట వేరు. ఈ భేదమును తెలిసికొనుటకు మనము నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమువరకు పోవుదము.

ఈ శతాబ్ది మొదటి దశకమున డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకము క్రింద ఇచటి గ్రంథములను పుట పుటగా స్కాను చేసిరి. తెలుగువారగు ఆచార్య రాజ్‌రెడ్డిగారి ప్రేరణ ఈ పథకమునకు మూలము. ప్రతి గ్రంథమునకు ఒక బార్‌కోడు సంఖ్య నిచ్చిరి. అయితే పేర్లను రోమను లిపిలో ఎక్కించిరి. ‘కథలు’ అను మాటనే ఒకరు ‘కధలు’ అనియు, వేరొకరు ‘కతలు’ అనియు చదువునట్లు వ్రాసినచో పాఠకుని కది దొరకునా? గ్రంథ మున్నది, దారి లేదు.

2014 నుండి తెలుగు వికీపీడియా స్వచ్ఛంద కార్యకర్తలు ఆ గ్రంథముల పేర్లను, రచయితలను, బార్‌కోడు సంఖ్యలను తెలుగులిపిలో పట్టికలుగా కూర్చిరి. 2017 ప్రాంతమున ఆ వెబ్‌సైటు మూతపడినది. అయినను పెక్కు ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌ను చేరియుండెను. అచటి వివరములలో పాత బార్‌కోడు నిలిచియున్నందున పట్టికలు వ్యర్థము కాలేదు. చిరునామా పోయినది, సంఖ్య మిగిలినది.

1994లో జపానులో పుట్టిన క్యూఆర్ కోడును నేడు పెక్కు పత్రములపై చూచుచున్నాము. అందు తరచుగా ఉండునది ఒక వెబ్ చిరునామాయే. ఆ చిరునామా చెడినచో కోడు మూగవోవును. కనుక పత్రముయొక్క సంఖ్య కంటికి కనబడునట్లు అచ్చులోను ఉండవలెను.

ఇంటి దస్తావేజుకు సంఖ్య, సంవత్సరము, సబ్‌రిజిస్ట్రారు కార్యాలయము – ఈ మూడును కలిసినగాని గుర్తు పూర్తికాదు. అదే సంఖ్య మరొక యేట, మరొక కార్యాలయమున వేరొకరి పత్రమునకు ఉండవచ్చును. కావున ఫొటోకు ఈ మూడింటినే పేరుగా పెట్టుడు. కాగిత ముంచిన కవరుపై ఆ ఫొటో ఎచ్చట భద్రపరచితిరో వ్రాయుడు. మూలమును మాత్రము పారవేయకుడు.

ఇంటిలో ఒక్కరికే తెలిసిన దారి, ఆ ఒక్కరితోనే పోవును. ఈ రాత్రి రేడియో కట్టివేసిన పిదప ఇంటివారందరికి ఆ కవరు నొకమారు చూపుడు.